ముగ్గు వేయని ఏడాది

వేసవిలో నా భార్య పోయింది. మా ఇళ్లలో మనిషి పోతే ఏడాది తిరిగేవరకు వాకిట్లో ముగ్గు వేయరు. పెద్దకర్మ కాగానే, మాతోనే ఉండే మా అక్క ముగ్గు డబ్బా తీసి అటక మీద పెట్టింది. దానివల్ల మా అమ్మాయి చదువు ఆగిపోతుందని అప్పుడు ఎవరికీ తెలియదు.

అమ్మాయికి పన్నెండేళ్లు, ఏడో తరగతి. ఒక వరుస చదివేలోపు వేలు కింది వరుసలోకి జారిపోతుంది. రాస్తే ఒత్తులు పక్క అక్షరానికి పోతాయి. అదే పిల్ల, రాజోలు నుంచి మా తోట దాకా ఏ కాలువ ఎక్కడ చీలుతుందో, నీళ్లు ఆపి వదిలే లాకు ఎక్కడుందో, ఆటోలో ఒక్కసారి చూసి వచ్చి గీసిపెట్టింది. తెలివిలో లోపమేమీ లేదనీ, అక్షరాల దగ్గరే ఇబ్బందనీ, ఆకారాలూ దూరాలూ మాత్రం వయసుకు మించి పట్టుకుంటుందనీ రాజమండ్రిలో పరీక్ష చేసిన డాక్టరమ్మ చెప్పారు.

నేను కొబ్బరితోట చూసుకుంటాను, మిగిలిన వేళల్లో పుస్తకాలు చదువుకుంటాను. చదవలేకపోవడం ఎలా ఉంటుందో నా ఊహకు అందదు. పాఠాల సంగతి తల్లే చూసుకునేది. ఆమె పోయాక నాకు చేతనైన పద్ధతిలో నేను మొదలుపెట్టాను. సాయంత్రం కూర్చోబెట్టి పాఠం చదివి వినిపించేవాణ్ని. అర్థం కాలేదంటే ఇంకా నెమ్మదిగా, ఇంకా గట్టిగా చదివేవాణ్ని.

"నువ్వు చదువుతుంటే రేడియోలో వార్తల్లా ఉంటాది నాన్నా. నిద్రొచ్చేస్తంది," అనేది.

క్వార్టర్లీ పరీక్షల తర్వాత స్కూలు నుంచి పిలుపు వచ్చింది. సైన్సు టీచరు అమ్మాయి జవాబు కాగితం నా ముందు పెట్టారు. అందులో పేరు తప్ప ఏమీ లేదు.

"వచ్చే ఏడు టీసీ తీసుకెళ్లమంటున్నారండీ హెడ్మాస్టారు. నేనే కాస్త ఆగమన్నాను. పోయినేడాది బొమ్మ గీసేసి, నోటితో టకటకా చెప్పేసేదండీ. ఇప్పుడు గీయమన్నా గీయట్లేదు. ఇంట్లో ఎలా చెప్పేవారండీ మీ ఆవిడ?"

"తెలీదండీ," అన్నాను. పదిహేనేళ్లు కలిసి బతికిన మనిషి గురించి ఆ మాట అనవలసి వచ్చింది.

ఇంటికి వచ్చే దారిలో బండి ఆపి అమ్మాయినే అడిగాను.

"ముగ్గేసేటప్పుడు చెప్పేది నాన్నా. అమ్మ గడప మీద కూర్చుని పుస్తకం చదివేది, నేను పిండితో పాఠం గీసేదాన్ని. స్కూల్లో కళ్లు మూసుకుంటే వాకిలి కనబడేది. చూసి చెప్పేసేదాన్ని."

"మరి నాకు చెప్పలేదేంటమ్మా?"

"ముగ్గేస్తే అమ్మకి మంచిది కాదంది కదా అత్త. అయినా నేను మొద్దునే కదా. అమ్మ ఉంది కాబట్టి నడిచింది."

రోజూ పొద్దున్నే గేటు దగ్గర పేపరు తెచ్చుకుంటూ ఆ ముగ్గుల పక్క నుంచే నడిచేవాణ్ని. గేటు వైపు నుంచి వస్తుంటే తలకిందులుగా ఉన్న ఏవో గీతలు కనిపించేవి. పిల్ల ఆడుకుంటోందనుకునేవాణ్ని.

ఆ రోజే డబ్బా దింపమన్నాను. అక్క కదల్లేదు.

"ఏడాది తిరక్కుండా ముగ్గేంట్రా? ఇన్ని పుస్తకాలు చదివేవు, ఈమాత్రం తెలీదా?"

"అది ముగ్గు కాదక్కా, పాఠం."

"పిండితో వేస్తే ముగ్గే."

"స్కూలు నుంచి పంపించేస్తారంట. తను కూడా మొద్దునంటోంది."

అక్క వెళ్లి పెరటి తలుపు తీసి చూసింది. "వాకిట్లో వద్దు," అంది చివరికి. "పెరట్లో, కాయలు ఒలిచే చోట వేసుకోండి. పిండి ముట్టుకోకండి. పొయ్యిలో బూడిదుంది."

మర్నాడు పొద్దున్న చూస్తే పెరడు ఊడ్చి నీళ్లు చల్లి ఉంది. అక్కే చేసింది. నేను గుండె పాఠం చదివాను, అమ్మాయి బూడిదతో గీసింది. నాలుగు గదులు, వాటికి లాకులు. గుండె నుంచి వెళ్లేది పంటకాలువ, తిరిగొచ్చేది మురుగుకాలువ.

"మురుగు తెచ్చి మళ్లీ పంటకాలువలో కలుపుతారేంటే? మన ఊళ్లో అయితే తలలు పగులుతాయి," అంది అక్క.

"ముందు ఊపిరితిత్తుల్లో కడుగుతారు అత్తా."

"ఆయ్, అలా చెప్పు."

ఆదివారం సైన్సు టీచరును ఇంటికి రమ్మన్నాను. అమ్మాయి పెద్దగా గీసింది. టీచరు, నేను పెరటి చివర నిలబడి చూస్తున్నాం. బొమ్మ మొత్తం తలకిందులుగా ఉంది. కుడి ఎడమలు తారుమారయ్యాయేమోనని నాకు భయం వేసింది.

"అటు కాదు మేడం, గడప దగ్గరికి రండి," అంది అమ్మాయి. "వాకిట్లో కూడా అమ్మ గడప మీదే కూర్చునేది. అక్కడున్నోళ్లకి తిన్నగా కనబడేలా వేస్తాను."

టీచరు వెళ్లి గడప దగ్గర నిలబడ్డారు. చాలాసేపు చూశారు. తర్వాత అమ్మాయిని వెనక్కి తిరగమని, అడగడం మొదలుపెట్టారు. అమ్మాయి బొమ్మ వైపు చూడకుండానే అన్నీ చెప్పింది.

"హాఫ్ ఇయర్లీకి ఇలాగే అడుగుతానండీ. హెడ్మాస్టారితో నేను మాట్లాడతాను," అన్నారు టీచరు వెళ్తూ.

హాఫ్ ఇయర్లీలో సైన్సు, సోషల్ గట్టెక్కాయి. తెలుగు గట్టెక్కలేదు. టీసీ మాట ఈ ఏడుకు ఆగింది, వచ్చే ఏడు సంగతి తెలియదు. తనను తాను మొద్దు అనుకోవడం మాత్రం మళ్లీ నా చెవిన పడలేదు.

ఇప్పుడు పొద్దున్నే పుస్తకం పట్టుకుని పెరటి గడప మీద నేను కూర్చుంటున్నాను. అక్కడి నుంచి బొమ్మ తిన్నగానే కనిపిస్తుంది. అలా కూర్చున్న మొదటి రోజు అలవాటు కొద్దీ ఒక్కో మాటా విడదీసి చదవబోతే, అమ్మాయి బూడిద గుప్పిటతోనే తలెత్తింది.

"అంత మెల్లిగా అక్కర్లేదు నాన్నా. మామూలుగా చదువు."