కిడ్నీల సొంతూరు

మీ కిడ్నీల సొంతూరు ఏదో ఎప్పుడైనా ఆలోచించారా? నవ్వకండి. మా బావ కిడ్నీలకు సొంతూరు ఉందని సైన్యపు మెడికల్ బోర్డు కాగితం మీద రాసి ముద్ర వేసింది.

బావంటే మా అక్క భర్త. ఉద్దానం జీడితోటల మధ్య పుట్టాడు. పందొమ్మిదో ఏట సైన్యంలో చేరి ఇరవై ఏళ్లు చేశాడు. ఎడారిలో ట్యాంకరు నీళ్లు తాగాడు, కొండల మీద మంచు కరిగించుకుని తాగాడు. చివరి పోస్టింగులో కాళ్లు వాచాయి. కిడ్నీలు సగానికి పైగా పోయాయన్నారు. ఇంటికి పంపేముందు బోర్డు ముందు కూర్చోబెట్టారు. వైకల్యం ఎంత, అది సేవ వల్ల వచ్చిందా కాదా అని తేల్చేది ఆ బోర్డే. రెండో ప్రశ్నకు అవునంటేనే వైకల్య పింఛను.

నాదీ ఆ ఊరే, చీపురుపల్లిలో సైన్సు మేష్టారిని. బావ వచ్చేశాడని తెలిసి, నౌపడలో రైలు దిగి వాళ్లింటికి వెళ్లాను. కాగితం చూశాను. వైకల్యం అరవై శాతం. పక్క గడిలో, సేవ వల్ల వచ్చింది: సున్నా. కారణం: స్వగ్రామంలో ప్రబలంగా ఉన్న వ్యాధి.

“ఈ మాట ఆలకెవులు సెప్పినారు బావా?”

“నానే సెప్పినాను. మీ ఊర్ల ఇంకెవులికైనా ఉన్నాదా అని డాక్టరు అడిగినాడు. లేనోడెవుడు సార్, మాది ఊరి జబ్బన్నాను. ఆయన నవ్వినాడు. నానూ నవ్వినాను.”

“నవ్వడానికి సిగ్గునేదేటి?” అక్క వంటింట్లోంచి అరిచింది. “ఇరవయ్యేళ్లు నోరు మూసుకున్నోడివి, సరిగ్గా అక్కడే ఇప్పినావు!”

“అడిగితే అబద్ధమాడమంటావేటే?”

మా వైపు మనుషులు ఇంటిపేరు చెప్పినట్టే ఆ జబ్బు పేరు చెబుతారు. ఇంటికొకరు మంచాన పడ్డాక దాచడానికేముంది? ఆ నిజాయితీనే డాక్టరు మా బావ మీదికి సాక్ష్యంగా తిప్పాడు.

పక్కింటి పెద్దాయన “ఖర్మ నాయినా” అన్నాడు. ఆ మాటతో నేను ఏళ్ల తరబడి సైన్సు సభల్లో పోట్లాడుతున్నాను. ఈసారి అది యూనిఫాం తొడుక్కుని ఇంగ్లీషులో సంతకం చేసింది. ఫలానా చోట పుట్టావు గనక అనుభవించు. ఇది వైద్యమా?

చేర్చుకున్న రోజు మూత్రం పరీక్షించి, ఏ దోషమూ లేదని రాసుకున్నది ఆ సైన్యమే. ఏడాదికి పది నెలలు తన నీళ్లే తాగించింది. మా ఊరికి వచ్చిన అధికారులను ఈ జబ్బు దేనివల్ల అని అడిగితే ఇంకా తేలలేదంటారు. ఊరికి ఇన్నేళ్లూ తేలని కారణం సిపాయి దగ్గరికొచ్చేసరికి ఒక్క పూటలో తేలిపోయింది!

నేను పగబట్టాను. చేరిన నాటి వైద్యపత్రం కోసం దరఖాస్తు పెట్టాను. రాలేదు. మళ్లీ పెట్టాను. మూడోసారికి వచ్చింది. ఊరి జబ్బుకు కారణం తెలియదని జిల్లా వైద్య కార్యాలయం చేత కాగితం మీద రాయించాను. రెండూ జతచేసి అప్పీలు పంపాను. జవాబు ఇంకా రాలేదు.

ఇప్పుడు బావకు వారానికి మూడుసార్లు డయాలసిస్. నేను తోడు వెళ్లినప్పుడల్లా తిరుగు బస్సులో సూదులు గుచ్చిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని నన్నడుగుతాడు: “డబ్బులు ఇత్తారో ఇవ్వరో ఆల ఇష్టంరా. ఆ సున్నా మీద గీత పడతాదా, నానుండగా?”

పడాలి. నవ్విన ఆ డాక్టరే తన చేత్తో గీయాలి. అంతవరకు క్షమించను.

మీ ఇంట్లో సైన్యం నుంచి జబ్బుతో తిరిగొచ్చినవాడు ఉన్నాడా? ట్రంకుపెట్టె తెరవండి. బోర్డు కాగితం తీసి, కారణమన్న గడిలో మీ ఊరిని ముద్దాయిగా నిలబెట్టారేమో చూడండి. నిలబెట్టి ఉంటే అప్పీలు రాయండి. రాయడం రాకపోతే నా దగ్గరికి తెండి. మనిషి పోయాక కాదు, ఇవాళే.