ఆమెన్‌కు ముందే

నర్సుగా బొమ్మనహళ్ళిలో సగం జనానికి సూదులు వేసిన ప్రమీలమ్మకు సొంత పిల్లి జోనా మాత్రం చిక్కలేదు. దానికి షుగరొచ్చిందనీ, పూటపూటా తినగానే ఇన్సులిన్ పడకపోతే బతకదనీ పశువుల డాక్టరు చెప్పి మూడు రోజులైంది. ఆ ఇంట్లో ప్రార్థన కాకముందు ఎవరూ పళ్ళెం ముట్టరు, పిల్లి తప్ప. భర్త ఇమ్మానుయేలు కళ్ళు మూసుకుని ప్రార్థిస్తుంటే జోనా చేప ముక్కలు కానిచ్చి, "ఆమెన్" వినగానే బీరువా ఎక్కేసేది. సూది ఆ మాట తర్వాతేనని దానికి తెలిసిపోయింది. నాలుగో పొద్దున ప్రమీలమ్మ అరవై ఏళ్ళలో మొదటిసారి ప్రార్థన మధ్యలో కళ్ళు తెరిచి, కొంగుచాటు సిరంజి తీసి, మెడ వెనక తోలు పట్టి సూది వేసేసింది. జోనా తింటూనే ఉంది.

"ప్రార్థనలో కండ్లు తెరుస్తావా ప్రమీలా?"

"మీరెట్ల చూసినారు?"

ఇమ్మానుయేలు గబుక్కున కళ్ళు మూసుకుని ప్రార్థన మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి జోనా పేరు కూడా చేర్చాడు.