పటిక, బెల్లం

మా ఇంట్ల కాలం మారిందని పంచాంగం చూసి తెలుసుకునుడు లేకుండె. పొయ్యికాడ ఏమున్నదో చూస్తే చాలు. ఎండకాలమైతే ముంతల సల్ల, లేకుంటే నిప్పులల్ల కాల్చిన మామిడికాయ పిసికి బెల్లం, జీలకర్ర కలిపిన పన్నా. వానలు మొదలైతే అల్లం దంచిన చాయ్. చలి పడితే శొంఠి, మిరియాల కషాయం. గివి అందరిండ్లల్ల ఉన్నయే, నేనేం గొప్పలు చెప్తలే. కాని మా ఇంట్ల ఎవ్వరు ఎప్పుడు ఏం తాగాల్నన్నది ఒక్క మనిషి గొంతును బట్టి ఉంటుండె. అది మా బాపు గొంతు.

బాపు ఆదిలాబాద్ పత్తి బజార్ల హర్రాజ్ పాడుతుండె. దీపావళి దాటినంక ఊర్లకెల్లి పత్తి బండ్లు వస్తయ్. ఒక్కొక్క బండికాడ నిలబడి కొనేటి సేట్లకు, అమ్మేటి రైతులకు, ఆఖరికి ఆ ఎద్దులకు గూడ ఇనబడేటట్టు "ఒకటోసారి! రెండోసారి!" అని అరవాలె. రైతులకు తెలుగుల, సేట్లకు మరాఠీల, మిగిలినోళ్ళకు ఉర్దుల. పక్కనే జిన్నింగు మిల్లు దడదడ కొట్టుకుంటుంటది. దాని మీదికెల్లి మాట పోవాలె. నాలుగు నెలలు గట్ల అరిస్తేనే మాకు ఏడాదంత బువ్వ.

అందుకే దసరా పోయిన తెల్లారి కాంచి అవ్వ, అంటే మా అమ్మ, ఇంట్ల పులుపు బంద్ పెడుతుండె. బాపుకొక్కనికే కాదు, అందరికి. పప్పుల చింతపండు లేదు, సల్ల లేదు, తొక్కు జాడి అటుక మీదికి పోతుండె. "గొంతు బాపుది గదనే, పథ్యం నాకెందుకు?" అని అడిగితే, "నువ్వు తింటుంటే చూసి ఆయనకు నోరూరదా?" అంటుండె. అవ్వతోని వాదం పెట్టుకుంటే వకీలు గూడ కోటు ఇప్పి ఇంటికి పోవాల్సిందే. నేను దసరా కాంచి శివరాత్రి దాక పక్కింటోళ్ళ చింతచెట్టు దిక్కు చూస్కుంట బతికిన.

నాకు పదకొండేండ్లున్నప్పటి ముచ్చట ఇది. పోలీసు యాక్షన్ అయి నాలుగైదేండ్లయి ఉంటది. ఆ యేడు బాపుకు పనిచ్చే సేటు తన మేనల్లున్ని వార్ధా దిక్కుకెల్లి పట్కొచ్చిండు. మనిషి ఇంత సన్నగ, గొంతు అంత లావు. సేటు బాపును పిలిచి, "మొదటి దినం మొదటి బండి నువ్వు పాడు. నీ మాట బజారంత ఇనబడితే ఈ యేడు పని నీదే. లేకుంటే మావోడు పాడుతడు" అన్నడు. సరిగ్గ దానికి నాలుగు దినాల ముందు బాపుకు గొంతు పట్టుకున్నది. మాట్లాడుతుంటే గరగర. అవ్వ నెత్తి మీద చెయ్యి పెట్టుకోని కూసున్నది.

కూసున్నది ఎంత సేపు? లేచి, కొంగు నడుముకు చెక్కి, బాపుకు హుకుం జారీ చేసింది. "ఇగో, హర్రాజ్ దినం దాక నువ్వు నోరు తెరవద్దు. నా మీద ఒట్టు." ఎన్నడు ఏ మాట ఒక్కసారికి ఇనని బాపు, గా మాటకు మాత్రం ఎంబడే తలకాయ ఊపిండు. మా అందరికి పరేషాన్ అయింది. ఇగ ఆ దినం కాంచి ఇంట్ల అంతా చేతి సైగలే. పప్పుల ఉప్పు తక్కువైందని బాపు రెండు వేళ్ళు కలిపి చూపిస్తే, "ఎవర్ని గిల్లాలె? నన్నా? పిల్లముందట గవేం సైగలు!" అని అవ్వ మీద పడ్డది. పాపం, ఉప్పు లేని పప్పే తిని లేచిండు.

మాకు ఒకదిక్కు ఖాలా ఇల్లు, ఇంకోదిక్కు ఆజీ ఇల్లు. ఖాలా, అంటే ఉర్దుల చిన్నమ్మ, గాజుల దుకాణపాయన భార్య. ఆజీ మరాఠీ ముసలామె, మా వాడల అందరికన్న పెద్దది. బాపు గొంతు పోయిందని ఇననే ఇన్నరు, ఇద్దరు చెరొక గిన్నె పట్కోని దిగిండ్రు. ఖాలాది జోషాందా. ఏవేవో ఎండుపూలు, వేర్లు, గింజలు ఏసి కాచింది, చూస్తే వాగునీళ్ళ లెక్కనే ఉండె. "ఏక్ ఘూంట్‌మే పీ లేవ్ భాయ్" అని, ఒక్క గుక్కల తాగేదాక నెత్తిమీద నిలబడ్డది. ఆజీది కాఢా, మరాఠోళ్ళ కషాయం. అండ్ల ఏమేసిందో ఇయ్యాల్టిదాక ఎవ్వరికి చెప్పలే, కాని వాసనకు మా పిల్లి రెండు దినాలు ఇంటికి రాలే. ఇగ మా అవ్వ వెనుకకు తగ్గుతదా? పొద్దుగాల కషాయం, పగటీలి జోషాందా, పొద్దుమూకంగ కాఢా, మళ్ళ పండేముందు కషాయం. పొయ్యిలు మూడు, మనిషి కడుపు ఒక్కటే. బాపు నడుస్తుంటే లోపల గుడగుడమని నీళ్ళు ఆడేది మాకు ఇనబడుతుండె.

"ఎవరిది పనిచేస్తున్నదయ్యా?" అని ముగ్గురు అడిగితే బాపు ముగ్గురికి దండం పెట్టిండు. ముగ్గురు ఎవరికి వాళ్ళే మురిసిపోయిండ్రు. ఆజీ ఐతే పోతపోత మా అవ్వ గిన్నెల వేలు ముంచి నాకి చూసి, మూతి తిప్పింది. అవ్వ అది చూసింది. చూడనట్టు ఊకున్నది గని, ఆ దినమంత గిన్నెలు మామూలు కన్న ఎక్కువ చప్పుడు చేసినయ్.

హర్రాజుకు ముందటి దినం పొద్దుమూకంగ అవ్వ పొయ్యి ఊదుతున్నది. కట్టెలు పచ్చివి, పొగ కండ్లల్ల పడ్డది. "ఏ పోరీ, దుకాణంకు పోయి పటిక" అన్నది, దగ్గింది, కండ్లు తుడుసుకున్నది, "బెల్లం పట్కరాపో, తెల్లారి కషాయంల కలపాలె" అన్నది. అవ్వ అడిగింది పటికబెల్లం, తెల్లగ మెరిసే కలకండ. నేను ఇన్నది పటిక ఒకటి, బెల్లం ఒకటి. తప్పు ఎవరిదంటరు? దగ్గుదే అంట నేను. పొగదన్న అనుండ్రి.

కిరాణ దుకాణపాయన మరాఠాయన. నేను "పటిక, బెల్లం" అన్న. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "తురటీ ఆణి గూళ్?" అన్నడు. గూళ్ అంటే బెల్లమని తెల్సు. తురటీ అంటే ఏందో నాకు తెల్వదు. కాని నాకు మరాఠీ మంచిగొస్తదని వాడంత చెప్పుకోని తిరుగుతుంటి, ఇప్పుడు తెల్వదంటే పరువేంగావాలె? "హో, హో" అని, అంటే అవునవునని, పెద్దమనిషి లెక్క తలకాయ ఊపిన. తురటీ అంటే పటికే, మురికినీళ్ళు తేర్చేటి పటిక, మంగలాయన గడ్డం గీసినంక చెంపకు రుద్దే పటిక. రెండు పొట్లాలు తెచ్చి పొయ్యిపక్కన పెట్టిన. అవ్వ అటుదిక్కు తిరిగి సూడలే.

తెల్లారి అవ్వ మొదటి హర్రాజని హనుమాండ్ల గుడికి కొబ్బరికాయ పట్కోని పోయింది. పోతపోత నాకు పని అప్పజెప్పింది. "రెండు గ్లాసుల నీళ్ళు ఒక్క గ్లాసయ్యేదాక మసలబెట్టు. శొంఠి, మిరియాలు దంచి ఎయ్యి. దించినంక నిన్న తెచ్చింది కరగబెట్టి మీ బాపుకియ్యి." నా జిందగీల మొదటిసారి నేనొక్కదాన్నే పొయ్యికాడ కూసున్న దినమది. నీళ్ళు కొలిచిన, దంచిన, ఊదిన, చెయ్యి కాల్చుకున్న. దించినంక పొట్లాలు ఇప్పి, దేన్కి అన్యాయం చెయ్యొద్దని పోకకాయంత పటిక, పోకకాయంత బెల్లం ఏసి కలిపిన. నా అసుంటి తెలివైనది ఆ వాడలనే లేదనుకున్న.

బాపు గ్లాసెత్తి ఒక్క గుక్క తాగిండు. తాగి ఆగిండు. పెదవులు దగ్గరికొచ్చి గుండీ లెక్క అయినయ్. కండ్లు పెద్దగైనయ్. గ్లాసుల చూసిండు, నా దిక్కు చూసిండు.

"మంచిగున్నదా బాపు?" అన్న.

బాపు ఇంకో గుక్క తాగిండు. ఇంకోటి తాగిండు. గ్లాసు బోర్లిస్తే చుక్క రాలకుండ తాగి, మీసం తుడుసుకోని, నా నెత్తి మీద చెయ్యి పెట్టి, రుమాలు భుజానేసుకోని పోయిండు.

అవ్వ ఇంటికొచ్చి గిన్నెల అడుగున మిగిలింది నాకింది. ఆమె మూతి గూడ గుండీ అయింది. "ఏమేసినవే?" అన్నది. పొట్లాలు చూపిచ్చిన. అవ్వ పటిక ముక్కను చేతులకు తీసుకోని ఎల్తురుకు పట్టి చూసింది. "ఓరి దేవుడా! పటిక! మొగనికి పటిక తాపిచ్చిన!" అని కొబ్బరిచిప్ప ఆడ్నే పారేసి నా రెక్క పట్కోని బజారు దిక్కు ఉరికింది. తొవ్వంత నన్ను తిట్టుకుంట ఉరికింది, మధ్య మధ్యల హనుమాండ్లను గూడ తిట్టింది.

మేం పోయేవరకు బాపు పత్తి కుక్కిన బోరె సంచి మీద నిలబడి ఉన్నడు. సేటు, మేనల్లుడు, చుట్టూర వందమంది. మొదటి బండి ముందటికొచ్చింది. బాపు చెయ్యెత్తి నోరు తెరిచిండు. తలుపు సందుల తోక ఇరుకున్న పిల్లి ఎట్లంటదో గట్ల ఒక్క కూత వచ్చింది. ఎవరో నవ్విండ్రు. మళ్ళ తెరిచిండు. ఈసారి ఉత్త గాలే వచ్చింది. ముందటున్న ఎద్దు చెవి గూడ కదిలించలే. మేనల్లుడు దుంకి బోరె ఎక్కి "ఒకటోసారి!" అంటే గా ఎద్దే బెదిరి బండి వెనుకకు పోయింది.

అయిపోయింది. బాపు మెల్లగ కిందికి దిగిండు. నేను గట్టిగ ఏడుపందుకున్న. అవ్వ నా తొడ మీద ఒక్కటి గిల్లి, "నోరు మూస్కో, ఎవ్వరికి చెప్పొద్దు. ఎందుకేడుస్తున్నవంటే మా అవ్వ గిల్లిందని చెప్పు" అన్నది. గిల్లుడు ఎంత గట్టిదంటే అబద్ధం ఆడే అవసరమే రాలే.

ఇంటికి పోయినంక అవ్వ వాకిట్ల నిలబడి, "గా కాఢా వల్లనే మా ఆయన గొంతు కాలింది!" అని మొదలువెట్టింది. ఆజీ ఊకుంటదా? "నాది కాదు, ఆ జోషాందాది!" అన్నది. ఖాలా బయటికొచ్చి, "మిరియాలు మీరేసిండ్రా, నేనేసిన్నా?" అన్నది. ముగ్గురు కొంగులు బిగిచ్చి పొద్దుమూకేదాక కొట్లాడిండ్రు. పటిక పేరు ఒక్కరి నోట రాలే. నన్ను కాపాడనీకే అవ్వ ఇద్దరు చెలికత్తెలను పోగొట్టుకున్నది. మళ్ళ ఎండకాలం దాక ఆ మూడిండ్ల నడుమ ఒక్క గిన్నె అటిటు పోలే. వైశాఖంల ఆజీ ఇంట్ల పన్నాకు మామిడికాయలు కాలుతున్న వాసనొచ్చి, ముందుగాల మా అవ్వనే గ్లాసు పట్కోని పోయింది.

సేటు బాపును పత్తి తూకమేసే కాంటకాడ పెట్టిండు. కూలి తగ్గింది, మా సల్ల పల్చనైంది. దాని బాధ నాకు లేదు. బాపు గొంతు మళ్ళ రాలే, అది నా బాధ. ఇంట్ల మాట్లాడితే ఇనబడుతది, అంతే. పిలవాల్నంటే చప్పట్లు కొట్టాలె. ఆ చప్పుడు ఇన్నప్పుడల్ల నా కడుపుల పటిక కరుగుతుండె.

పదకొండేండ్లు గడిచినయ్. నాకు పెండ్లయి మందమర్రికి వచ్చిన, మా ఇంటాయన బొగ్గుబావిల పనిచేస్తుండె. ఒక ఎండకాలం బాపు చూడనీకి వచ్చిండు. మిట్టమధ్యాహ్నం, కాలనీ అంత కాలుతున్నది. మామిడికాయలు కాల్చి పన్నా కలుపుతున్న. బెల్లం చేతులకు తీసుకున్న, ఇగ ఆగలే. పొయ్యికాడనే కూలబడి ఏడ్సుకుంట అంతా చెప్పిన. పటిక, బెల్లం, తురటీ, హో హో, అన్నీ. "నీ గొంతు నేనే తీసిన బాపు" అన్న.

బాపు నా ముందట కూసున్నడు. "పటిక అని మొదటి గుక్కకే తెల్సింది బిడ్డా" అన్నడు. "మంగలాయన రుద్దంగ ఎన్నిసార్లు నోట్లె పడలే? కాని నా గొంతు దాంతోని పోలే. అంతకు ముందటేడు మాఘంల్నే పోయింది. హర్రాజ్ ఆఖరి పది దినాలు ఎట్ల ఈడ్చిన్నో నాకే ఎరుక. దవాఖానకు పోతే, మాట్లాడుడు వస్తది గని అరుసుడు ఇగ రాదన్నరు. మీ అవ్వకు చెప్పనీకి ధైర్యం చాలక, గొంతు పట్టుకున్నదని నెట్టుకొచ్చిన."

"మరి పటికని తెల్సి ఎందుకు తాగినవ్?"

"గొంతు ఎట్లనన్న పోయింది. నా బిడ్డ మొదటిసారి పొయ్యికాడ కూసోని కాచి ఇచ్చింది. గది గూడ పారబోసుకోవాల్నా?"

నాకు ఏడుపొచ్చింది. దాని ఎంబడే కోపమొచ్చింది. కోపమంటే గసుంటి ఇసుంటి కోపం కాదు. "పదకొండేండ్లు! పదకొండేండ్ల కాంచి బెల్లం ముట్టుకుంటే పటికే యాదికొస్తున్నది నాకు! ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయింది? అవ్వ ఇద్దరితోని కొట్లాడె, నేను తొడ గిల్లిచ్చుకుంటి, నువ్వేమో తెల్సి తాగి మీసం తుడుసుకుంటివి!" అని లేచి నిలబడి అరిసిన. అటు నాలుగు, ఇటు నాలుగు క్వార్టర్ల తలుపులు తెరుసుకున్నయ్. డ్యూటీ చేసొచ్చి పండినోళ్ళు గూడ లేచి బయటికొచ్చిండ్రు. రోడ్డవతల కూరగాయలమ్మేటామె గంప దించి చూసింది.

బాపు కండ్లు మూస్కోని ఇంటున్నడు. నాకు ఊపిరాడక ఆగినంక, మెల్లగ కండ్లు తెరిచిండు.

"ఇప్పుడు నువ్వు అరిసిన గా గొంతు నాదే బిడ్డా" అన్నడు.