ఫ్లవర్ బ్రాకెట్ల మధ్య అపరాహ్నం

మా కాలేజీ లాబ్‌లో ఒక మర్యాద ఉంది. ప్రాక్టికల్ పరీక్షకి బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు గారు పిల్లవాడి వెనకాల నిలబడి స్క్రీన్ వంక చూస్తారు. ఎర్రర్లు సున్నా అని కనబడితే తల ఊపి పక్క సీటుకి వెళ్ళిపోతారు. ఆ ప్రోగ్రాం ఏం చేస్తోందో, అసలేమైనా చేస్తోందో అడిగే తీరిక ఆయనకుండదు. మధ్యాహ్నం భోజనం పెట్టి, మాడుగుల హల్వా పెట్టె చేతికిచ్చి, అనకాపల్లి బస్సెక్కించాలి కదా. అందుకని పిల్లలకి నేను నేర్పిన గొప్ప విద్య ఒకటుంది. ఏ లైను దగ్గర ఎర్రర్ వస్తే ఆ లైనుని కామెంటు చేసెయ్యండి అంటాను. ప్రోగ్రాంని మెషిన్ భాషలోకి మార్చే కంపైలరు దాన్ని చూడనట్టే దాటిపోతుంది. లైను అక్కడే ఉంటుంది, పని మాత్రం చెయ్యదు. మా స్టాఫులో సగం మంది అలాగే ఉంటాం.

ఈ విద్య పిల్లల దగ్గర ఆగిపోతే నాకింత సిగ్గుండేది కాదు. దాన్ని మా మావయ్య ఇంట్లో ప్రయోగించాను.

మావయ్య మా అమ్మకి అన్న. హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. పిల్లల్లేరు. నేను విశాఖపట్నంలో కంప్యూటర్ డిప్లొమా చదివే రోజుల్లో, సెలవుకి చోడవరం వచ్చినప్పుడల్లా నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని కొత్తగా చెప్పిన పాఠమంతా అప్పజెప్పించుకునేవాడు. అప్పట్లో మాకు చెప్పేది పాస్కల్. కుర్రాళ్ళకి పద్ధతిగా ప్రోగ్రాం రాయడం అలవాటు చెయ్యడానికే పుట్టిన భాష అది. వాడబోయే పేర్లన్నీ ముందే చెప్పాలి. ఏ పేరులో ఏ రకం విలువ పెడతామో చెప్పాలి. 'బిగిన్' అన్న ప్రతిచోటా ఒక 'ఎండ్' ఉండాలి. అంతా అయ్యాక చుక్క పెట్టాలి. నాకు విసుగు పుట్టించిన ఆ క్రమశిక్షణ మావయ్యకి తెగ నచ్చేసింది. "ఒరే, ఇది లెక్కల మాస్టారి కోసం సేసిన భాషరా" అని, ఎవరో అమ్మేస్తున్న పాత మెషిన్ ఒకటి కొనుక్కున్నాడు. కంపైలర్ ఫ్లాపీ నేనే తెచ్చిచ్చాను.

దాంతో ఆయన చేసింది తిథుల ప్రోగ్రాం. సూర్యుడూ చంద్రుడూ ఎక్కడున్నారో లెక్కకట్టి, చోడవరంలో ఏ రోజు ఏ తిథి ఉంటుందో చెబుతుంది. గోడ మీద కాలెండరుంది కదా, ఇదెందుకు అని మా అత్తే వేళాకోళం చేసేది. ఉన్న తేడా ఇది. కాలెండర్లో సూర్యోదయానికి ఉన్న తిథి వేస్తారు. పండగలకి చాలామట్టుకు అది సరిపోతుంది. తద్దినానికి సరిపోదు. తద్దినానికి మధ్యాహ్నం దాటాక అపరాహ్నం వేళకి ఏ తిథి ఉందో చూడాలి. పోయినవాళ్ళు ఆ తిథి నాడు ఆ వేళకి మన ఇంటికి భోజనానికి వస్తారని నమ్మకం. ఒక్కోసారి ఈ రెండు లెక్కలకీ ఒక రోజు తేడా వస్తుంది. కాలెండర్ చూసి పెట్టేవాళ్ళు మర్నాడు వంట చేస్తారు.

ఆ తేడా పట్టుకోవడానికి మావయ్య ప్రోగ్రాంలో ఒక ముక్కని విడిగా రాశాడు. పాస్కల్‌లో అలాంటి ముక్కని యూనిట్ అంటారు. దాని పేరు అపరాహ్నం. ఆ వీధివాళ్ళే కాదు, బుచ్చయ్యపేట నుంచి కూడా మనుషులు వచ్చి తేదీలు అడిగి వెళ్ళేవారు. మావయ్య చెప్పాడంటే పురోహితులు కూడా మళ్ళీ చూసుకునేవారు కాదు.

అత్త పోయింది. మొదటి ఏడాది సంవత్సరీకానికి తేదీ మావయ్యే చూసుకున్నాడు. ఆ తర్వాత ఆయన కళ్ళు బాగా దెబ్బతిన్నాయి. స్క్రీన్ మీద అక్షరాలు కనబడడం మానేశాయి. పాత మెషిన్ కూడా అదే వర్షాకాలంలో చచ్చిపోయింది. రిపేరు షాపు కుర్రాళ్ళు డిస్కులోంచి తీయగలిగినవి తీసి పెన్‌డ్రైవులో పోసిచ్చారు. కంపైలర్ ఉన్న ఫోల్డరు తెరుచుకోలేదు. మెయిన్ ప్రోగ్రాం బాగానే వచ్చింది. అపరాహ్నం యూనిట్‌కి మావయ్య రాసుకున్న అసలు పాఠం పాడైపోయింది. దాన్ని కంపైల్ చేసిన రూపం, అంటే మెషిన్ చదువుకునేది, మనుషులు చదవలేనిది, అది మాత్రం మిగిలింది.

చుట్టాలు నలుగురూ ఉండగా మావయ్య అడిగాడు. "ఒరే, మీ అత్త తద్దినం దగ్గరకొస్తంది. దీన్ని మళ్ళీ నడిపించగలవేటిరా?"

"అదెంత పని మావయ్యా, పది నిమిషాలు" అన్నాను. కాలు మీద కాలు వేసుకుని మరీ అన్నాను. పాస్కల్‌లో ఒక్క లైను రాసి పాతికేళ్ళు దాటిందని నలుగురిలో ఎలా చెప్తాను? కంప్యూటర్ మాస్టారిని కదా.

మా లాబ్‌లో పాస్కల్ లేదు. సిలబస్‌లోంచి ఎప్పుడో పోయింది. పాత కంపైలర్ ఒక సైటులో దొరికింది, దించుకున్నాను. దించిన మరుక్షణం యాంటీవైరస్ దాన్ని దొంగని పట్టుకున్నట్టు పట్టుకుని మింగేసింది. ఇంకో సైటులో ఇంకోటి దొరికింది. అది నడిచింది గానీ, ఈ యూనిట్ రూపం నాది కాదు పొమ్మంది. పాత పాస్కల్‌తో ఉన్న పేచీ అదే. ఏ వెర్షన్‌తో కంపైల్ చేసిన యూనిట్‌ని ఆ వెర్షనే తెరవాలి. ఒక మెట్టు పైదైనా కుదరదు, కిందదైనా కుదరదు.

"మనది ఏ వెర్షన్ మావయ్యా?" అని ఫోన్ చేసి అడిగాను.

"నువ్వే కదరా తెచ్చిచ్చేవు" అన్నాడు.

వెతుకుతానని చెప్పి ఫోన్ పెట్టేశాను. తర్వాత కొన్ని సాయంత్రాలు వెతుకుతున్నాననే పేరు మీద గడిపేశాను. పాస్కల్ తర్వాత ఏమేం భాషలొచ్చాయో చదువుతూ కూర్చున్నాను. దాన్ని చేసిన పెద్దాయనే తర్వాత మాడ్యులా చేశాడట, ఆ తర్వాత ఇంకా చిన్నదిగా, ఇంకా శుభ్రంగా ఒబెరాన్ చేశాడట. కిటికీలూ బటన్లూ పెట్టుకుని డెల్ఫీ వచ్చింది. మా క్లాసులో ఒకరిద్దరు దానితో హైదరాబాదులో ఉద్యోగాలు కూడా చేశారు. ఇవేవీ నాకు తెలియవు. నేను డిప్లొమా పుచ్చుకున్న రోజున నా చదువుకి చుక్క పెట్టేశాను. తాతగారి ఇల్లు వెతుకుతూ వెళ్ళి, దారిలో మనవల పెళ్ళి ఫొటోలు చూస్తూ కూర్చున్నట్టుంది నా వెతుకులాట.

చివరికి ఇప్పటి మెషిన్ల మీద నడిచే పాస్కల్ ఒకటి ఉచితంగా దొరికింది. మంచి కంపైలరు. మావయ్య ముప్ఫై ఏళ్ళనాటి మెయిన్ ప్రోగ్రాంని చిన్న చిన్న సణుగుళ్ళతో ఒప్పుకుంది. అపరాహ్నం యూనిట్ దగ్గర మాత్రం ఆగిపోయింది. అప్పటికి తద్దినం వారం రోజుల్లోకి వచ్చేసింది. మావయ్య రోజూ ఫోన్ చేస్తున్నాడు. నాకు తెలిసిన విద్యే చేశాను. పాస్కల్‌లో ఒక లైనుని కామెంటు చెయ్యాలంటే ఫ్లవర్ బ్రాకెట్ల మధ్య పెడితే చాలు. అపరాహ్నాన్ని పిలిచే లైన్లన్నిటికీ అటొకటి ఇటొకటి పెట్టేశాను. ఎర్రర్లు సున్నా. అత్త తిథి కొడితే మంగళవారం అని వచ్చింది.

సరైందో కాదో చూడాలి కదా. చూశాను. గోడ మీద కాలెండర్‌తో పోల్చాను. కాలెండరూ మంగళవారమే అంది. రెండూ కలిసినందుకు ఎంత పొంగిపోయానో చెప్పలేను. కాలెండర్‌తో కలవకపోవడానికే ఆయన ఆ యూనిట్ రాశాడన్న సంగతి నా బుర్రకి తట్టనే లేదు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అని ఊరికే అన్నారా.

"మంగళవారం మావయ్యా" అని వెళ్ళి చెప్పాను.

"అపరాహ్నం సూసేవా?"

"చూసేను."

తద్దినం మంగళవారం జరిగింది. మావయ్య తడుముకుంటూ పిండాలు పెట్టాడు. అత్తకిష్టమని పనసపొట్టు కూర పట్టుబట్టి చేయించాడు. భోజనాలయ్యాక నా వీపు మీద చెయ్యి వేసి, "నువ్వు లేకపోతే ఈ ఏడు నాకు సేతులు కట్టేసినట్టయ్యేదిరా" అన్నాడు. నేను ఆ పొగడ్తని కూడా అరిటాకులో ఏమీ మిగల్చకుండా తిన్నాను.

ఓ నెల తర్వాత పక్కవీధి ఆవిడ తన అత్తగారి తద్దినం తేదీకోసం మావయ్య దగ్గరికి వచ్చింది. ఆ వేళకి నేనూ అక్కడే ఉన్నాను, లాప్‌టాప్ తీసి చూశాను. గురువారం అని వచ్చింది.

"అదేటి బాబూ, మా పంతులుగోరు బుధవారం అని సెప్పేరు" అంది ఆవిడ.

మావయ్య నావైపు తిరిగాడు. "బుధవారం అపరాహ్నానికి ఏ తిథి సూపిస్తంది?"

స్క్రీన్ మీద అలాంటిదేమీ లేదు. అయినా కళ్ళు చిట్లించి చదువుతున్నట్టు నటించి, "గురువారమే వస్తంది మావయ్యా" అన్నాను.

ఆవిడ వెళ్ళి పంతులుగారినే వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన పంచాంగం తెరిచి ఘడియలు చదువుతుంటే, మావయ్య కళ్ళు మూసుకుని నోట్లోనే లెక్క కట్టుకున్నాడు. చాలాసేపు పెదాలు కదిపాడు. తర్వాత, "మీరు సెప్పిందే రైటు పంతులుగారూ. నాదే తప్పు" అన్నాడు. ఆవిడకేసి తిరిగి, "బుధవారమే సెయ్యమ్మా. నా లెక్కకి వయసైపోయింది" అన్నాడు.

తప్పు ఆయనది కాదని అప్పుడే నేను అనాలి. పక్కనే ఉన్నాను, నోరుంది, అనలేదు. నా తల కొట్టేసినట్టయింది గానీ తల మాత్రం అలాగే ఎత్తుకుని కూర్చున్నాను.

ఆ రోజు నుంచి తేదీల కోసం ఎవరొచ్చినా మావయ్య వెనక్కి పంపించేస్తున్నాడు. అత్త తద్దినం సంగతి మాత్రం పంతులుగారిని అడగలేదు. భయపడి అడగలేదని నాకు తెలుసు. నాతో అన్నది ఒక్కటే. "నా యూనిట్‌లో ఎక్కడో తప్పు రాసేనురా. ఇన్నాళ్ళూ ఎంతమందికి తప్పు తేదీలు సెప్పేనో. అదెక్కడుందో సూసి పెట్టు."

ఈసారి నిజంగా వెతికాను. పాత కంపైలర్లంటే ప్రాణం పెట్టే మనుషులు ఉంటారనీ, వాళ్ళకి ఇంటర్నెట్‌లో ఒక ఫోరం ఉందనీ అప్పుడే తెలిసింది. నా వచ్చీరాని ఇంగ్లీషులో నా గోడు రాశాను. ఏ దేశంవాడో, యూనిట్ ఫైలు మొదట్లోనే వెర్షన్ గుర్తు ఉంటుంది చూసుకో అని జవాబిచ్చాడు. తెరిచి చూశాను, ఉంది. అది ఐదున్నర వెర్షన్ గుర్తు. పాతకాలపు వస్తువుగా దాన్ని ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చట. పిల్లలు సి భాష నేర్చుకోవడానికి, పాతకాలపు మెషిన్‌లా నటించే డాస్ ఎమ్యులేటర్ ఒకటి మా లాబ్‌లో ఉంది, అందులో పెట్టి నడిపాను. డిప్లొమా రోజులనాటి నీలం స్క్రీన్ వచ్చింది. ఫ్లవర్ బ్రాకెట్లన్నీ తీసేశాను. ఒక్క సణుగుడు లేకుండా కంపైల్ అయింది.

పక్కవీధి ఆవిడ అత్తగారి తిథి కొట్టాను. బుధవారం. ఇక మా అత్త తిథి. కొట్టాను. సోమవారం.

వెంటనే వెళ్ళి చెప్పానని రాసుకుంటే బాగుండేది. వెళ్ళలేదు. పరీక్షలున్నాయని నాకు నేనే చెప్పుకుని తిరిగాను. చెప్పకపోతే ఆయన తన లెక్కే తప్పనుకుంటూ పోతాడు, అది నాకు తెలుసు. తెలిసీ తిరిగాను. చివరికి ఒక ఆదివారం పొద్దున్న వెళ్ళి, ఆయన మంచం పక్కన కూర్చుని, మొత్తం చెప్పాను. బ్రాకెట్లు పెట్టిందీ, చూశానని అబద్ధమాడిందీ, పంతులుగారి ముందు నోరు మెదపనిదీ, అత్త తిథి సోమవారమని తేలిందీ, అన్నీ చెప్పాను.

తిడతాడనుకున్నాను. "అయితే నా యూనిట్‌లో తప్పులేదేటి?" అన్నాడు.

"లేదు మావయ్యా. ఒక్క అక్షరం కూడా మార్చక్కర్లేదు."

ఆయన మొహం విప్పారింది. తొడ చరుచుకుని నవ్వాడు. బుధవారం వచ్చిందని మళ్ళీ ఓసారి చెప్పమన్నాడు. "ఆవిడకి కబురు పెట్టు. లెక్క రైటే, మెషిన్ తేడా సేసిందని సెప్పు. నువ్వని సెప్పకు. పిల్లలకి సదువు సెప్పుకునేవాడివి" అన్నాడు. ఆ దయకి నేను సిగ్గుతో చితికిపోయాను. తిట్టినా బాగుండేది.

అప్పుడు ఆయన నవ్వు ఆగింది. కనబడని కళ్ళు గుమ్మం వైపు తిప్పాడు.

"ఒరే, ఆ సోమవారం మధ్యాహ్నం మనం ఎక్కడున్నాం?"

"బజారుకి వెళ్ళేం మావయ్యా. కూరలకీ, అరిటాకులకీ."

"సాయంత్రానికి కదా వచ్చేం."

"అవును."

"వెళ్తూ ఇంటికి తాళం ఏసేవా?"

"వేసేను" అన్నాను.