పావలా తక్కువ బస్సు: వేలూరు నుంచి గుడియాత్తం

నాలుగు రోజులుగా ముసురు. వేరుశనగ పీకే పని సగంలో ఆగింది. పీకినంత వరకు తాటాకులు కప్పి, కాళ్ల బురద కడుక్కుంటుండగా గుడియాత్తం నుంచి కబురు వచ్చింది. అక్కడి బడిలో తెలుగు అయ్యవారుగా ఉన్న మా తమ్ముడు అనంతపురంలో పని ఒప్పుకున్నాడు. మరునాడు ఒంటిగంట రైలుబండికి బెంగుళూరు మీదుగా కాపురం ఎత్తేస్తున్నాడు. రాష్ట్రాలు భాషల ప్రకారం విడిపోతే ఇక్కడ తెలుగు చెప్పేవాడికి పని ఉంటుందో ఉండదో అని వాడి భయం. మా ఇంటివాళ్లలో మిగిలింది మేమిద్దరమే. పచ్చి కాయలు ఒక సంచిలో పోసుకొని బయలుదేరాను.

మా ఊరు మేల్పాడి నుంచి కాట్పాడికి ఎద్దులబండిలో వచ్చాను. గుడియాత్తం బస్సు కాట్పాడి మీదుగానే పోతుంది గానీ, వేలూరులోనే నిండిపోయి వస్తుంది. అందుకని జట్కాలో పాలారు వంతెన దాటి వేలూరు చేరి, రాత్రికి సత్రంలో పడుకున్నాను. తెల్లవారేసరికి వాన వెలిసింది.

స్వరాజ్యం వచ్చినా పెట్రోలు ఇంకా కూపన్ల మీదే. మోటారు స్టాండులో గుడియాత్తానికి రెండు బస్సులు ఉంటాయి. తొమ్మిదికి బొగ్గు బస్సు, ముప్పావలా. పదకొండుకు పెట్రోలు బస్సు, రూపాయి. బొగ్గు బస్సుకు వెనక పీపా అంత పొయ్యి ఉంటుంది. అందులో బొగ్గు కాలితే వచ్చే గ్యాసుతో ఇంజను నడుస్తుంది. ముందు పోయేది అదే కనుక అదే ఎక్కాను. డ్రైవరు మునస్వామి పొయ్యి ఊదుతున్నాడు.

“దీంట్లో మిగులుతాదా అప్పా?” అని అడిగాను.

“పెట్రోలుకు రెండు రూపాయలయ్యే కాడ బొగ్గుకు రూపాయి గూడా కాదు. ఆ మిగులు ఓనరుది. గంట ముందు లేసి పొయ్యి రాజేసేది, రాత్రి బూడిద ఎత్తేది నేను. దానికి కూలి యాడుండాది?” అన్నాడు.

లత్తేరి దాటాక చిన్న మిట్ట దగ్గర బస్సు దగ్గి ఆగింది. బొగ్గు మూటలు బస్సు మీదే పెడతారు. నాలుగు రోజుల వానకు అవి తడిసిపోయాయి. మగవాళ్లం దిగి తోశాం. కదలలేదు. మునస్వామి తడి బొగ్గు రోడ్డు మీద గోతం పరిచి ఆరబోశాడు. అంతలో పెట్రోలు బస్సు వచ్చింది. ఫుట్‌బోర్డు మీద కూడా జనం వేలాడుతున్నారు. హారను కొట్టుకుంటూ ఆగకుండా పోయింది.

“ఇంగో పావలా పడేసింటే ఇంగ అరగంటలో గుడియాత్తంలో ఇడ్లీ తింటా ఉందుము” అంది తమలపాకుల గంప ముసలామె.

“ఆకులు నములుకో అవ్వా, ఊరికే దొరుకుతాయి” అన్నాడు మునస్వామి. తర్వాత నా వైపు చూశాడు. “ఏం నాయనా, రోడ్డు కొలస్తా ఉండావా?”

“ఒంటిగంట బండి. తమ్ముడు పోతా ఉండాడు, అనంతపురం.”

“తిరిగొచ్చేదేనా?”

“లేదు.”

అతడు సీటు కింద నుంచి సీసా తీశాడు. సాయంత్రం తిరిగి పోయేటప్పుడు ఇంజను ముట్టించడానికి దాచుకున్న పెట్రోలు అది.

“సాయంత్రం ఏం చేస్తావు?” అన్నాను.

“ఎండ కాస్తా ఉండాది, బొగ్గు ఆరతాది. ముట్టించనీకి ఎవుడి కాళ్లో పట్టుకుంటా. ఎక్కండి, ఎక్కండి!”

ఆరినంత బొగ్గు పొయ్యిలో వేసి, సీసాలో పెట్రోలు ఇంజనుకు పోశాడు; బస్సు ఆ పెట్రోలు మీద మిట్ట ఎక్కింది. సీసా అయిపోయేసరికి పొయ్యి అందుకుంది.

“అనంతపురంలో బస్సు బోర్డులు గూడా తెలుగేనంట గదా. నేను పోతే యా ఊరి బస్సో తెలీదు నాకు” అన్నాడు. తెలుగు మాట్లాడతాడు గానీ అరవమే చదవగలడు.

స్టేషనులో తమ్ముడు, మరదలు మూటల పక్కన నిలబడి ఉన్నారు. సిగ్నలు అప్పటికే పడింది.

“యా బస్సుకొస్తివి అన్నా?”

“బొగ్గు బస్సు.”

“ముప్పావలానా?”

“ఊ.”

“పావలా మిగిలె.”

“మిగిలె.”

కాయల సంచి మరదలికి ఇచ్చాను. “తడి ఉండాయి. పోతానే ఎండబెట్టు, లేకుంటే బూజు పడతాయి” అన్నాను. సరే బావా అంది. వాడు ఇంకేదో అనబోయాడు. బండి వచ్చింది, మూటలు ఎక్కించడంతో సరిపోయింది.

రెండు బస్సుల్లో ఏది చౌక అని అడిగేవాళ్లకు లెక్క ప్రకారం బొగ్గుదే. పావలా తక్కువకు మనల్ని చేర్చడానికి ఇంకొకడు గంట ముందు లేస్తాడు, ఆ గంట టిక్కెట్టులో కనపడదు. నేను ఆ పావలా మునస్వామికి ఇవ్వబోతే తీసుకోలేదు. వానాకాలంలో బొగ్గు బస్సు ఎక్కేవాళ్లు ముందు మూటలు పైన ఉన్నాయో లోపల ఉన్నాయో చూసుకోండి; పైన ఉంటే బండి వేళకు రెండు గంటలు ఎక్కువ పెట్టుకోండి.

తమ్ముడు, మరదలు ఒంటిగంట బండికి వెళ్లారు. సాయంత్రం నాలుగు దాటాక మునస్వామి బస్సు వేలూరికి బయలుదేరింది. అందులో నేనొక్కణ్ణే స్టేషను దగ్గర ఎక్కాను.