పిన్నమ్మ తీసిన పిడికెడు

పోయిన గురువారం తెల్లవారుజామున మా పక్కింటి పిన్నమ్మ పోయింది. చింతాద్రిపేటలో ఒకే గోడకు అటూ ఇటూ బతికినవాళ్లం. వాళ్లు క్రైస్తవులు, మేము కాదు. మా అమ్మను ఆమె అక్కా అని పిలిచేది కాబట్టి నాకు పిన్నమ్మ అయింది.

ఆమె పొయ్యి పక్కన ఒక చిన్న కుండ ఉండేది. పూటపూటా బియ్యం కడిగే ముందు ఒక పిడికెడు తీసి అందులో వేసేది. ఆదివారం దాన్ని చర్చికి మోసుకుపోయేది. అక్కడ అందరి బియ్యం కలిపి లేనివాళ్లకు పంచేవారు. వంట చేస్తూ పాటలు పాడేది. శ్రుతి కుదిరేది కాదు, గొంతు తగ్గించేదీ కాదు.

రేషన్ రోజుల్లో ఆమె భర్త, మా చిన్నాయన, పనిచేసే అచ్చాఫీసు మూతపడింది. ఒక సాయంత్రం వాళ్లింట్లో ఆ కుండలో తప్ప బియ్యం లేవు.

"ఏమే, ఆ కుండలో ఉండేవి మన బియ్యమే కదా! పిలకాయలు ఆకలితో ఉండారు," చిన్నాయన గొంతు గోడ దాటి వినిపించింది.

"ఆడ వేసినాక అవి మనవి కాదు."

మా అమ్మ ఉండబట్టలేక చాటలో బియ్యం పోసుకుని వెళ్లింది. నేనూ వెంట వెళ్లాను. పిన్నమ్మ రెండు చేతులా చాట అందుకుంది. ముందుగా అందులోంచి ఒక పిడికెడు తీసి కుండలో వేసింది.

అమ్మకు ఒళ్లు మండింది. "నేను నీ బిడ్డలకిస్తే నువ్వు మీ దేవుడికిస్తావా?"

"కోపం చేసుకోవద్దక్కా. తీయకుండా వండితే, రేపెట్లా అనే భయంతోనే తింటాము. తీసినానంటే, రేపటిని చూసుకునేవాడు ఒకడుండాడని నా చేతికి గుర్తొస్తాది."

అమ్మ కొన్నాళ్లు మూతి ముడుచుకుని తిరిగింది. ఎవరిది న్యాయమో నేను తేల్చలేను. చిన్నాయనకు పక్కనే ఉన్న చూలై పేటలో పని దొరికింది, అదీ పోయింది, మళ్లీ ఇంకోటి దొరికింది. పనున్నా లేకున్నా ఆయనకు నిద్రపట్టేది కాదు. ఈమె మాత్రం పడుకోగానే గురక పెట్టేది. నాకు అసూయగా ఉండేది. అలాంటి నిబ్బరం ఒకటుందని కళ్లారా చూపించినందుకు ఆమెకు రుణపడి ఉన్నాను.

చావింట పొయ్యి వెలిగించరు కనుక ఆ పూట వాళ్లకు వంట మా ఇంట్లోనే. అమ్మ బియ్యం కొలిచింది. కడగడానికి నీళ్లు పోయబోయి ఆగి, ఒక పిడికెడు పక్కకు తీసింది. మా ఇంట్లో అలాంటి కుండ లేదు. ఎక్కడ వేయాలో తెలియక, మూసిన పిడికిలితో అలాగే నిలబడింది. ఎసరు మరుగుతూనే ఉంది.