ఇన్‌స్పెక్టరుగారు తాగిన సముద్రం

పెద్ద అధికారి చేత సముద్రం తాగించిన మనిషిని మీరెక్కడైనా చూశారా? లేకపోతే నన్ను చూడండి. చూసి నవ్వుకోండి గాని, ఆ పూట నా గుండె చప్పుడు అబిడ్స్ చౌరస్తా దాకా వినపడిందంటే మాత్రం నమ్మండి.

రెండు ప్రాంతాలూ కలిసి రాష్ట్రం ఏర్పడ్డ కొత్తలో మేం బందరు నుంచి హైదరాబాదు వచ్చాం. నాంపల్లిలో ఒక ఆడపిల్లల బళ్లో నాకు భూగోళం టీచరుగా తాత్కాలికపు ఉద్యోగం. అది ఖాయమవుతుందో, ఊడుతుందో ఇన్‌స్పెక్టరుగారి తనిఖీలో తేలాలి. ఆయన పేరు చెబితే మా బళ్లో సుద్దముక్కలు సైతం వణికేవి.

తనిఖీనాటి పాఠం, ఏ అక్షాంశం దగ్గర సముద్రం ఎంత ఉప్పగా ఉంటుందని. సముద్రం పక్కన పుట్టినదాన్ని, నాకు తెలియని ఉప్పా అనుకున్నాను. మూడు గాజు జాడీల్లో ఉప్పునీళ్లు కలిపి భూమధ్యరేఖ, కర్కటరేఖ, ధ్రువం అని చీటీలు అంటించాను. ఎండ ఎక్కువ కదా అని భూమధ్యరేఖకు ఉప్పు దోసిళ్లతో పోశాను, కర్కటరేఖకు గుప్పెడు, ధ్రువానికి చిటికెడు.

అంతలో హెడ్‌మిస్ట్రెస్ సత్తెమ్మగారు వచ్చారు.

"ఏంది శారదా గిది? భూమధ్యరేఖ కాడ దినాం వాన గొడ్తది. ఆ వానకు ఉప్పు పల్చనైతది. కర్కటరేఖ దిక్కు వాన తక్కువ, ఎండకు నీళ్లు ఆవిరైతనే ఉంటయి. ఉప్పు గాడనే ఎక్కువ!"

"మరి ధ్రువం దగ్గరండీ?"

"గాడ ఎండ ఏది? మంచు కరిగి ఇంకింత పల్చనైతది. జల్ది మార్చు, సాబ్ గేటు కాడికొచ్చిన్రు!"

మూడు చీటీలూ ఒక్కసారే పీకేశాను. కంగారులో జాడీలు అటూ ఇటూ జరిపాను. తీరా చూస్తే మూడూ ఒక్కలాగే ఉన్నాయి! ఇక రుచి చూడటమొక్కటే దారి. ఒక జాడీలోంచి గ్లాసు నిండా ముంచి నోటిదాకా తెచ్చానో లేదో, బషీర్‌బాగ్ నుంచి ఎండన పడి నడిచొచ్చిన ఇన్‌స్పెక్టరుగారు చెమటలు కక్కుతూ ఎదుట నిలబడ్డారు.

"జర మంచినీళ్లియ్యమ్మా," అంటూ నా చేతిలో గ్లాసు ఆయనే లాక్కుని గటగటా ఎత్తేశారు.

"అయ్యో, సార్..." అన్నాను. అప్పటికే గ్లాసు ఖాళీ.

ఆయన కళ్లు రెండూ బయటికి వచ్చాయి. మీసం ఒకపక్కకు ఒరిగింది. సత్తెమ్మగారు గోడకు చేరగిలబడ్డారు. నేను మనసులోనే బందరు రైలెక్కి కూర్చున్నాను.

"ఏం నీళ్లమ్మా ఇవి?"

"సముద్రమండీ."

"ఏ సముద్రం?"

అబద్ధం ఆడే ధైర్యం కూడా లేక, "అది మీరే చెప్పాలి సార్," అనేశాను.

ఆయన దగ్గి, దగ్గి, కళ్లు తుడుచుకున్నారు. "గింత ఉప్పుంటే కర్కటరేఖ గాక ఇంకేముంటది?"

నేను చటుక్కున ఆ జాడీకి కర్కటరేఖ చీటీ అంటించాను. ఆయన జాడీని చూశారు, నన్ను చూశారు, సంగతంతా గ్రహించి పడీపడీ నవ్వారు. నవ్వు ఆగాక మిగతా జాడీలు చూపించి, "గా రెండు మాత్రం నువ్వే తాగి చెప్పు," అన్నారు.

తాగాను. చెప్పాను. ఉద్యోగం ఖాయమైంది.

ఆ సాయంత్రమే ప్రతిజ్ఞ చేశాను: ఈ కంఠంలో ప్రాణముండగా, ఎంతటి అధికారి ఎంత దాహంతో వచ్చినా సరే, నా చేత్తో ఏ అక్షాంశపు నీళ్లూ ఇవ్వను.